ఇంటిపేరు చూసి రాని జబ్బు

2023 వానాకాలం. రాయదుర్గం మెట్రో స్టేషన్ దిగి నడిచి వెళ్ళగలిగేంత దూరంలో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను జెనెటిక్ కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ఈ ఉద్యోగం ఏమిటో మా కాకినాడ బంధువులకే ఇప్పటికీ అంతుపట్టదు. తలుపు మీద ‘కౌన్సెలర్’ అన్న ముక్క చూసి అత్తాకోడళ్ళ తగువు తీర్చమని వచ్చినవాళ్ళున్నారు. ఒక పెద్దాయన అయితే జన్మనక్షత్రం చెప్పి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే జన్యువుల్లో జబ్బుకు దారితీసే మార్పులేమైనా ఉన్నాయా అని వెతకడం, ఉంటే ఆ మాట ఇంటిల్లిపాదికీ అర్థమయ్యేలా చెప్పడం నా పని.

ఆ రోజుల్లోనే మా ఊపిరితిత్తుల కేన్సర్ డాక్టరు అనసూయ అనే ఆవిడను నా దగ్గరికి పంపారు. యాభై దాటిన మనిషి. గోపన్‌పల్లిలో భర్త యాదగిరితో కలిసి కిరాణా దుకాణం నడుపుతుంది. బీడీ గానీ సిగరెట్టు గానీ ఏనాడూ ముట్టలేదు. అయినా ఎడమ ఊపిరితిత్తిలో గడ్డ బయటపడింది. గడ్డ ముక్కను పరీక్షిస్తే ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో రెండు మార్పులు కనిపించాయి. వాటిలో ఒకటి మామూలుగా కొన్నాళ్ళు మందులు వాడాక గడ్డలో పుట్టుకొచ్చే రకం. ఈవిడకు ఇంకా ఒక్క మాత్ర కూడా పడలేదు. అలాంటప్పుడు ఆ మార్పు పుట్టుకతోనే ఒళ్ళంతా ఉందేమో అని అనుమానించాలి. అది తేల్చడానికి రక్తంతో చేసే పరీక్షను జెర్మ్‌లైన్ టెస్ట్ అంటాం.

రక్తం తీసే ముందు పెడిగ్రీ గీయాలి. అంటే వంశవృక్షమే. కాకపోతే ఎవరికి ఏ జబ్బు వచ్చింది, ఎవరు దేనితో పోయారు అన్నది కూడా అందులో ఉంటుంది. ఆ సంగతి ఫోన్లో ముందే చెప్పాను కాబట్టి కూతురు స్రవంతి తయారై వచ్చింది. రోడ్డు అవతలి టవర్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం ఆ పిల్లది. ల్యాప్‌టాప్ తెరిచి రంగురంగుల పటం చూపించింది. ముత్తాత దాకా అందరూ ఉన్నారు. అందరిదీ ఒకటే ఇంటిపేరు.

“మా ఫ్యామిలీల ఎవ్వరికి కేన్సర్ లేదు మేడం. ఫుల్ చెక్ చేసిన,” అంది.

“చాలా బాగా చేశావమ్మా. మరి మీ అమ్మగారి పుట్టింటివాళ్ళేరీ?”

“వాళ్ళ ఇంటిపేరు వేరే కదా మేడం. మీరు మా ఫ్యామిలీ అన్నరు.”

నవ్వాపుకున్నాను. ఈ పొరపాటు ఆ పిల్ల ఒక్కదానిదే కాదు. ప్రొఫెసర్లూ లాయర్లూ కూడా ఇలాగే రాసుకొస్తారు. వంశం అనగానే మనకు తండ్రి, తాత, ముత్తాత గుర్తొస్తారు. పెళ్ళై వచ్చిన ఆడమనిషి తన రక్తాన్ని పుట్టింట్లో వదిలేసి వచ్చిందన్నట్టే మాట్లాడతాం. అంత అందమైన పటంలో జబ్బుపడ్డ మనిషికి రక్తసంబంధం ఉన్నది కడుపున పుట్టిన కూతురు ఒక్కర్తే.

అనసూయను అడిగాను. “మా అమ్మ నా చిన్నప్పుడే పచ్చకామెర్లతోని పోయింది మేడం. నన్ను, నా తమ్ముని అమ్మ చెల్లె, మా చిన్నమ్మనే సాకింది. ఆమె కూడ దగ్గి దగ్గి పోయింది. టీబీ అన్నరు. మందులు మింగినా తగ్గలే.”

“ఆవిడకు పొగతాగే అలవాటు ఉండేదా?”

“అయ్యో, ఆ వాసనొస్తేనే లేచి పోయేది. ఇంట్ల ఎవ్వలకు లేకుండె.”

అది టీబీయో కాదో ఇప్పుడు తేల్చలేం. కానీ రాసుకున్నాను. యాదగిరి ఏడని అడిగితే స్రవంతి మొహం ముడుచుకుంది. “నాన్న బయట కూసున్నడు. రమ్మన్నా రాడు.” మెల్లగా విషయం బయటికొచ్చింది. యాదగిరి పెళ్ళికి ముందు నుంచీ బీడీలు తాగేవాడు. భార్య జబ్బు తెలిసిన రోజునే మానేశాడు. కానీ అప్పటికే ఇంట్లో తీర్పు అయిపోయింది. ఆయన పొగే అనసూయను తినేసిందని అందరూ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది అనసూయ తమ్ముడు మల్లేశ్. బాలానగర్‌లో లేత్ మిషన్ల షెడ్డు నడుపుతాడు. ఇక బావ గడప తొక్కనని ఒట్టేసి వెళ్ళిపోయాడు.

రిపోర్టు వచ్చింది. అనుమానం నిజమే. ఆ రోజు నేనే వెళ్ళి యాదగిరిని లోపలికి పిలుచుకొచ్చాను.

“ఇది పుట్టుకతో వచ్చిన మార్పండి,” అని ముగ్గురికీ చెప్పాను. “తోడబుట్టినవాళ్ళకు ఉండే అవకాశం సగం. పిల్లలకూ అంతే. ఉన్నంత మాత్రాన కేన్సర్ వచ్చి తీరుతుందని కాదు. మిగతావాళ్ళకంటే ప్రమాదం ఎక్కువ, అంతే. ముందే చూసుకుంటూ ఉంటే మంచిది.”

యాదగిరి నేలచూపులు చూస్తూ అడిగాడు. “అయితే నా బీడీలతోని రాలేదా మేడం?”

కాదండీ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మనిషిని చూస్తే అంత జాలేసింది. కానీ అది అబద్ధం. “అలా అనలేనండి. పక్కవాళ్ళ పొగ కూడా చేటే. ఇందులో పొగ పాలెంత, రక్తం పాలెంత అని ఎవరూ విడదీసి చెప్పలేరు. కానీ అంతా మీ బీడీల వల్లే అనడం మాత్రం న్యాయం కాదు.”

ఆయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. బావురుమంటాడేమో అనుకున్నాను. “మరి మల్లేశ్ సంగతేంది మేడం? వాడు కూడ చూపిచ్చుకోవాలె గదా?” అన్నాడు.

తన గడప తొక్కనని ఒట్టేసిన మనిషి గురించి ఆయన అడిగాడు. స్రవంతి చాలా రోజుల తర్వాత తండ్రి వైపు సూటిగా చూడటం అప్పుడే గమనించాను.

మా వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. బంధువులకు మేం ఫోన్ చెయ్యకూడదు, రోగి తరఫు నుంచే కబురు వెళ్ళాలి. అనసూయ నా గదిలో నుంచే తమ్ముడికి ఫోన్ కలిపింది. అటునుంచి అరుపు నాకూ వినపడింది. “అక్కా, బావను ఎనకేసుకొచ్చేటందుకు గీ కత చెప్తున్నవా? నా రక్తం మంచిగనే ఉంది!” ఫోన్ పెట్టేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికి వెళ్ళాక నిదానంగా ఆలోచిస్తే అతని మొండితనం అర్థమైంది. తప్పంతా బావదైనంతకాలం మల్లేశ్‌కు తన ఒంటి గురించి బెంగ లేదు. తప్పు రక్తంలో ఉందని ఒప్పుకుంటే ఆ రక్తం తనలోనూ ఉంది. భయపడటం కంటే కోపగించుకోవడం తేలిక.

తర్వాత జరిగింది యాదగిరి చెబితే తెలిసింది. దుకాణం కూతురికి అప్పగించి ఆయన బాలానగర్ వెళ్ళాడు. మల్లేశ్ పనివాళ్ళ ముందే తిట్టి పంపేశాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. షెడ్డు ముందు స్టూలు వేసుకుని కూర్చునేవాడు. “ఎంత తిడ్తవో తిట్టు మల్లేశా, నేను వద్దనను. కానీ ఒక్కసారి రక్తమిచ్చొచ్చి తిట్టు,” అన్నాడట. పోరు పడలేక మల్లేశ్ దిగొచ్చాడు.

నా ఎదురుగా కూర్చుని విసురుగా అన్నాడు. “బీడీ లేదు, సిగరెట్ లేదు మేడం. నాకెందుకొస్తది?”

“మీ అక్కగారికి మాత్రం ఏ అలవాటు ఉందండి?”

“బావ తాగిండు గదా.”

“మరి మీ చిన్నమ్మ ఇంట్లో ఎవరు తాగారు?”

అతను గ్రీజు మరకల చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. “చిన్నమ్మ చేతి ముద్దలే తిని పెరిగినం మేడం. ఎట్ల పోయిందో మేం సరిగ్గ అడగనే లేదు,” అన్నాడు. తనే చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

మల్లేశ్‌కూ ఆ మార్పు ఉంది. లో-డోస్ సీటీ, అంటే తక్కువ రేడియేషన్‌తో ఊపిరితిత్తులను చూసే స్కాన్, తీయించాం. కుడివైపు శనగగింజంత నాడ్యూల్ కనిపించింది. నాడ్యూల్ అంటే చిన్న గడ్డ. చాలావరకు ప్రమాదం లేనివే ఉంటాయి, కాబట్టి డాక్టర్లు కొన్ని నెలలు ఆగి మళ్ళీ చూశారు. పెరిగింది. ఆపరేషన్ చేసి ఆ భాగం తీసేశారు. కేన్సరే, కానీ ఎక్కడికీ పాకలేదు. ఆపరేషన్‌తోనే సరిపోయింది. దగ్గు మొదలయ్యాక వచ్చి ఉంటే కథ వేరేగా ఉండేదని సర్జన్ అన్నప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

ఆపరేషన్ అయిన రెండో రోజు వార్డుకు వెళ్ళాను. మంచం పక్కన యాదగిరి ఉన్నాడు. మల్లేశ్ కళ్ళు తెరిచి, “బావా, ఆకలైతుంది. ఏమన్న తెచ్చినవా?” అన్నాడు. యాదగిరి హడావిడిగా టిఫిన్ డబ్బా మూత తీశాడు. నర్సు వచ్చి, ఇప్పుడప్పుడే కారం పెట్టొద్దని ఇద్దరినీ కలిపి కోప్పడింది.

స్రవంతి మాత్రం పరీక్ష చేయించుకోవాలా వద్దా అని చాలాకాలం తేల్చుకోలేకపోయింది. నేను తొందరపెట్టలేదు. తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా మనిషికి ఉంది. మేనమామ కోలుకున్నాక తనే వచ్చింది. తనకూ ఉందని తేలిన రోజు నేను నీళ్ళ గ్లాసు దగ్గర పెట్టుకుని మాట మొదలుపెట్టాను. అంతా విని, కాసేపు కిటికీలోంచి తన ఆఫీసు టవరు వైపు చూసింది.

“మామకూ నాకూ ఒక్కటే దినం స్కాన్ పెట్టున్రి మేడం. నాన్న ఇద్దరిని తోల్కొస్తడు,” అంది.

ఎన్నాళ్ళకోసారి చూడాలన్నదానికి ఇంకా గట్టి నియమం లేదనీ, వయసును బట్టి డాక్టరు నిర్ణయిస్తారనీ చెప్పాను. తలూపింది. అనసూయకు మాత్రలు బాగా పనిచేస్తున్నాయి. మధ్యాహ్నం దాకా దుకాణంలో ఆవిడే కూర్చుంటోంది.

ఈ కేసు తర్వాత నేనొక సంగతి తెలుసుకున్నాను. జబ్బుకు కారణం ఒక మనిషేనని తేల్చేసుకుంటే, ఇక వెతకడం మానేస్తాం. బీడీలు కళ్ళకు కనిపించాయి కాబట్టి చిన్నమ్మ ఎవరికీ గుర్తురాలేదు. అందుకే ఇప్పుడు పెడిగ్రీ మొదలుపెట్టే ముందు, ఈ జబ్బు ఎవరి వల్ల వచ్చిందని మీ ఇంట్లో అనుకుంటున్నారు అని అడుగుతాను. వాళ్ళు తడుముకోకుండా ఒక పేరు చెబుతారు. ఆ మనిషిని తప్పకుండా కలుస్తాను. భయంతో మొహం చాటేసే వాళ్ళందరినీ బతిమాలి పరీక్షకు తీసుకురాగలిగిన మనిషి ఆ ఇంట్లో ఒక్కరుంటే, చాలాసార్లు అది నింద మోస్తున్న ఆ మనిషే.