పడవలో ఎర్తు

మా ఆయన పోయాక జనం నన్ను ఏడిపించాలని చాలా కష్టపడ్డారు. "ఏడువమ్మా, గుండె బరువు దిగుతాది" అని చర్చికొచ్చే ఆడవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చి చెప్పారు. ఏడుపు రాకపోతే ఏం చేయను? ఉల్లిగడ్డలు ముందేసుకుని కూర్చోనా? మొద్దుబారిపోయాను, అంతే. అన్నం పెడితే తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను.

ప్రొద్దుటూరులో మాది లారీలకు, ట్రాక్టర్లకు కరెంటు పని చేసే అంగడి. కాలిపోయిన సెల్ఫ్ మోటార్లకు తీగ చుట్టడం నా పని. బండి కింద దూరి వైరింగు చూడటం ఆయన పని. ఆయన లేకపోయేసరికి మా మరిది అంగడి ఎవరికైనా అప్పజెప్పేద్దామన్నాడు. "జనం వచ్చేది అన్న చెయ్యి చూసి వదినా. నువ్వు ఇంట్లో ఉండు" అన్నాడు. చెడ్డవాడేం కాదు. కానీ ఇంట్లో ఉండి ఏం చేయాలో అతనూ చెప్పలేదు. ఆ అంగడి కూడా పోతే పొద్దున్నే లేవడానికి నాకు పనంటూ ఉండదు. నా బుర్రలో మిగిలిన భయం అదొక్కటే.

అప్పుడే ఒక ఫోను వచ్చింది. పులివెందుల ఆసామి ఒకాయన జమ్మలమడుగు దగ్గర మైలవరం రిజర్వాయరులో పడవలు తిప్పుతాడు. వాటిలో పెద్దది, సముద్రం ఒడ్డున ఎవరో వాడి వాడి వదిలేస్తే కొనుక్కొచ్చిన మోటారు పడవ. లోపల గది, సోఫాలు ఉన్నాయని ఆయన దాన్ని యాట్ అంటాడు. దాని మీటర్లు పిచ్చిపట్టినట్టు ఆడుతున్నాయట. మా ఆయనతో ఇంతకు ముందు పని చేయించుకున్నవాడే, కానీ మా ఆయన పోయిన సంగతి ఆయనకు తెలీదు. చెప్పాను. "అయితే ఎవురిని పంపిస్తావమ్మా?" అన్నాడు. "నేనే వస్తా" అన్నాను. పక్కనే ఉన్న మరిది మొహం చూడాలి! "సరే వదినా, పోదాం. ఈ పని కాకపోతే మాత్రం అంగడి సంగతి నేను చెప్పినట్టే" అన్నాడు. సరేనన్నాను.

పడవ డ్రైవరు మమ్మల్ని చూడగానే మొదలుపెట్టాడు. "లైటు ఏస్తే సాలక్కా, ముళ్లన్నీ ఒగేసారి ఎగురుతాండాయి. ఇంజిను కాలిందో లేదో తెల్దు, డీజిలు ఉందో లేదో తెల్దు. జనాన్ని ఎక్కిచ్చుకోని నీళ్ల నడిమికి యెట్ల పోయేది?"

ఒక మీటరు ఆడితే తప్పు ఆ మీటరుది. అన్నీ కలిసి ఆడితే ఎర్తుది. ఆ మాట మా ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. లారీలో అయితే బ్యాటరీ మైనస్‌ను ఇనుప బాడీకి కట్టేసి ఉంటారు. కరెంటు తిరిగి పోవడానికి ఏ ఇనుప ముక్క దొరికినా చాలు, అదే ఎర్తు. నేనూ పలక కింద నుంచి చెయ్యి పెట్టి, మీటర్ల మైనస్‌కు ఒక తీగ తగిలించి, దాని రెండో కొసను ఒక బోల్టుకు ఆనించాను. ముళ్లు ఆడటం ఆగలేదు. ఇంకో బోల్టు చూశాను. ఊహూ. చిరాకేసి పడవ గోడను గుద్దాను. డొల్లగా మోగింది. ఫైబరు! ప్లాస్టిక్ బిందెలో ఎర్తు వెతుకుతున్నాను, నా తలకాయ! దీనికి తీగ నేరుగా బ్యాటరీ నుంచే రావాలి.

మరి ఇన్నాళ్లూ ఎలా పనిచేశాయి? మీటర్ల పలక విప్పి తల లోపల పెట్టాను. నల్ల తీగలన్నీ కలిపి ముడేసి గేరు లివరు ఇనుప పట్టీకి బిగించారు. ఆ పట్టీ నుంచి ఇంజిను దాకా పోయే కేబులుకు ఇనుప తొడుగుంది. కరెంటు ఇన్నాళ్లూ దాని గుండానే ఇంజినుకు, అక్కణ్ణుంచి బ్యాటరీకి తిరిగిపోయింది. ఇప్పుడా తొడుగు తుప్పు పట్టిపోయింది. ముడి మీద టేపు చివర చిన్నగా మడిచి ఉంది. తర్వాత విప్పేవాడి గోరుకు అందాలని అలా మడిచే మనిషి నాకు తెలిసి ఒక్కడే. అది మా ఆయన వేసిన ముడి.

ఇప్పుడైనా ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు.

మరిది తొంగి చూసి తానూ గుర్తుపట్టాడు. గొంతు తగ్గించి, "అన్న తప్పుగా కట్టినాడని చెప్పాకు వదినా. తీగ పాతబడిందను, సాలు. అన్న చెయ్యే తప్పంటే ఇంక మన అంగడికి ఎవురొస్తారు?" అన్నాడు. నిజమే. అంగడి బోర్డు మీద ఉన్నది ఆయన పేరు.

ముడి కోసేశాను. బ్యాటరీ మైనస్ నుంచి లావుపాటి నల్ల తీగ పడవ పొడవునా లాగి మీటర్లకు కలిపాను. డ్రైవరు లైటు వేశాడు. ముళ్లు కదల్లేదు. హారను కొట్టాడు. కదల్లేదు. "నిలబడినాయక్కా!" అని ఎగిరి గంతేశాడు. నాకేమీ అనిపించలేదు.

గట్టు మీదున్న ఆసామి, "యాడమ్మా తప్పుండేది?" అని అడిగాడు. మరిది నా వైపు చూశాడు. అబద్ధం చెప్పాలన్నా కొంచెం ఓపిక ఉండాలి. నాకదీ లేదు.

"మా ఆయనే తప్పు కట్టినాడన్నా. లారీ అనుకోని ఇనుముకు కట్టినాడు. పడవకది పనికిరాదు. బ్యాటరీ నుంచి వేరే తీగ లాగినా."

మరిది తల పట్టుకున్నాడు. ఆసామి పక్కనున్న చిన్న పడవ వైపు చెయ్యి చూపి, "అట్లయితే చిన్న పడవ గూడా ఆయనే కట్టినాడు గదమ్మా! దాన్నీ నువ్వే చూడు. మా ఊర్లో ట్రాక్టర్లు గూడా ఉండాయి. ఆయన యాడేం కట్టినాడో నీకు గాక ఎవురికి తెలుస్తాది?" అన్నాడు.

మరిది పనిముట్ల పెట్టె ఎత్తుకుని నాకంటే ముందే చిన్న పడవలోకి దిగాడు.

నేనూ దిగి పలక విప్పాను. అదే ముడి, అదే ఇనుప పట్టీ.

"నీ మొగం మండ, ఈడ గూడానా! ఒగసారి చేసింది సాల్లేదా నీకు?" అని అరిచాను.

మరిది ఉలిక్కిపడ్డాడు, తననే అన్నానేమోనని. అతణ్ణి కాదు. మా ఆయన పోయాక ఆయనతో నేను మాట్లాడటం అదే మొదలు. కళ్లు తడిసి తీగలు సరిగ్గా కనబడక, కట్టరు మరిది చేతికిచ్చి కోయమన్నాను.