అత్త తీసుకోని డబ్బు

కలైసెల్వి మొదటిసారి ఆ ఇంటికి వచ్చినప్పుడు మంజులమ్మ గొర్రెలకు తొట్టిలో నీళ్లు పోస్తోంది. జీపు సరిగ్గా ఇంటి ముందే ఆగింది. దిగిన మనిషి మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఫోను. గడప దగ్గర కూర్చుని చదువుకుంటున్న రంజితనూ, పక్కనే మట్టిలో ఆడుకుంటున్న భరణినీ చూసి నవ్వి, ఫోను పైకెత్తింది. మంజులమ్మ బిందె అక్కడే పడేసి పరుగున వచ్చి, పిల్లలిద్దరినీ లోపలికి నెట్టి తలుపు దగ్గరికి వేసింది.

"ఎవరమ్మా నువ్వు? పిలకాయల ఫోటో నీకెందుకు?"

కలైసెల్వి తమిళంలో మొదలుపెట్టి, అవతలి ముఖం చూసి తెలుగులోకి వచ్చింది. తనది కృష్ణగిరిలో పిల్లల సంరక్షణ చూసే ఆఫీసు. తల్లీతండ్రీ లేని పిల్లలను బంధువులు పెంచుతుంటే, వాళ్ల ఖర్చుకని ప్రభుత్వం నెలనెలా కొంత సాయం ఇస్తుంది. ఆ పని మీదే వచ్చింది.

"మేం అడగలేదే. అడక్కుండా దుడ్డిచ్చేవాళ్లు యాడుండారు?" అంది మంజులమ్మ.

వేప్పనపల్లికి కాస్త దూరంలో, ఆంధ్రా సరిహద్దు పక్కనున్న ఆ తమిళనాడు ఊళ్లో మంజులమ్మను అనుమానం మనిషి అనేవాళ్లు. ఆమె మొదటి నుంచీ అలా లేదు. పెళ్లయిన కొన్నేళ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చి, తమ్ముడు దేవేంద్ర దగ్గరే ఉండిపోయింది. గొర్రెలు మేపేది. మామిడి కాలంలో మండీకి పోయి కాయలు ఏరేది. మరదలు నళిని విషజ్వరంతో పోయినప్పుడు భరణికింకా పాలు మాన్పించలేదు. ఆ తర్వాత దేవేంద్ర నడిపే కాయల బండి హోసూరు రోడ్డులో బోల్తా పడి అతనూ పోయాడు. కర్మకాండలు అయ్యాయో లేదో, చక్కగా ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన వచ్చి, ఇన్సూరెన్సు ఇప్పిస్తానని, తమ్ముడి మరణ ధ్రువపత్రం, ఆధార్ కార్డు అన్నీ పట్టుకుపోయాడు. ఇంకో రెండు కాగితాల మీద వేలిముద్ర కూడా వేయించుకున్నాడు. మళ్లీ కనిపించలేదు. ఆ ముద్ర ఎక్కడ, ఎందుకు వాడాడోనన్న భయం ఆమెను ఇప్పటికీ వదల్లేదు. కొత్త ధ్రువపత్రం కోసం ఆమె తిరగని ఆఫీసు లేదు.

అందుకే కలైసెల్వి సంతకం మాట ఎత్తగానే రెండు చేతులూ కొంగులోకి ముడుచుకుంది.

"సంతకం పెడితే పిలకాయలు ఎవురి కిందికి పోతారు?"

"ఎవురి కిందికీ పోరమ్మా. మీ దగ్గరే ఉంటారు. కృష్ణగిరిలో కమిటీ వాళ్లు ఒకసారి పిల్లల్ని చూసి, మాట్లాడి, ఆర్డరు ఇస్తారు. అంతే."

"చూసి?"

"చూసి, మీ దగ్గర బాగుండారా లేదా అని..."

"బాగలేదని వాళ్లకు తోస్తే?"

కలైసెల్వి జవాబు చెప్పేలోపు ఒక్క క్షణం తడబడింది. ఆ ఒక్క క్షణం చాలు మంజులమ్మకు. సామల్పట్టి వైపు ఎవరో అవ్వ దగ్గరి నుంచి మనవళ్లను అనాథ పిల్లల హోంకు తీసుకుపోయారని మండీలో ఆడవాళ్లు చెప్పుకోగా విన్నది. అది నిజమో కాదో ఎవరికీ తెలియదు.

"మాకేం వద్దు. మా తమ్ముని బిడ్డలకు గంజి పోసుకునేంత నాకుండాది. నువ్వు పోయి రామ్మా," అంది. జీపు మలుపు తిరిగేదాకా తలుపు తియ్యలేదు.

జీపు వచ్చిన సంగతి ఊరంతా చూసింది. తిప్పి పంపిన సంగతి ఎవరికీ తెలియదు, మంజులమ్మ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరో ఒకరు తన పేరు చెప్పుకుని ఆ డబ్బు తింటారని ఆమె అనుమానం. ఆ ఏడు కాయలు బాగా కాసి మండీలో కూలి ఎక్కువ రోజులు దొరికింది. వానకు కారే ఇంటికి రేకులు వేయించింది. కొత్త రేకులు ఎండలో మెరుస్తుంటే ఊరు లెక్క కట్టుకుంది.

రచ్చబండ అవసరం లేకుండానే ఊరి మాటలన్నీ శేషప్ప అంగట్లో తేలేవి. ఒకరోజు రంజిత చక్కెర కోసం పోతే అతను పొట్లం కడుతూ అన్నాడు: "మీ అత్తకేం పాపా, మీ పేరు మీద గవర్నమెంటు దుడ్డు వస్తాంటే! రేకులు కూడా ఏయించుకునె."

రంజితకు పదమూడేళ్లు. మాట బయటికి అనదు, మనసులో పెట్టుకుంటుంది. ఆ వారమే బడిలో మైసూరుకు టూరు తీసుకుపోతున్నారంటే అత్త కుదరదని చెప్పింది. భరణి చెప్పులు తెగి చాలా రోజులైంది. ఆ రోజు నుంచి అత్తను కొత్తగా చూడడం మొదలుపెట్టింది. ఎవరితోనైనా ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడితే పక్క గదిలో నిలబడి వినేది. అత్త తన కంచంలో ఏం వేసుకుంటోందో, తమ్ముడికి ఏం పెడుతోందో చూసేది. మంజులమ్మ తన కంచంలో ఏమీ ఎక్కువ వేసుకునేది కాదు. కానీ అనుమానం పట్టినవాళ్లకు అది కూడా నాటకంలాగే ఉంటుంది.

బడి గోడ మీద పిల్లల హెల్ప్‌లైన్ నంబరు రాసి ఉంది. రంజిత స్నేహితురాలి ఇంటికి పోయి, వాళ్లమ్మ ఫోను తీసుకుని ఆ నంబరుకు చేసింది.

ఈసారి జీపులో కలైసెల్వితో పాటు ఇంకొకాయన కూడా వచ్చాడు. పిల్లలు ఎక్కడ పడుకుంటారు, రంజితను బడి మాన్పించి గొర్రెల వెంట పంపుతారా, రాత్రికి ఏం తింటారు అని అడిగారు. వంటింట్లో కుండ మూత తీసి కూడా చూశారు. మంజులమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఒక్కోదానికీ జవాబు చెప్పింది. చివరకు అడిగింది: "ఎవరో ఏదో చెప్పింటారు. లేకుంటే ఇట్ల రారు. ఎవరమ్మా?"

"ఎవరన్నది మేం చెప్పకూడదు," అంది కలైసెల్వి. "పిల్లల పేరు మీద వచ్చే డబ్బు మీరు వాడుకుంటాండారని కంప్లైంటు వచ్చింది."

"ఏ దుడ్డు?"

"నేనూ ఆఫీసులో అదే చెప్పినాను. మీరు అసలు అప్లై చెయ్యలేదు. అయినా కంప్లైంటు వస్తే వచ్చి చూడాల్సిందే."

వాళ్లు పోగానే మంజులమ్మ నేరుగా శేషప్ప అంగడికి పోయింది. వచ్చేపోయేవాళ్లు ఆగి చూస్తుండగా దులిపేసింది. "నా ఇంట్లో గింజల మీద నీ కన్నేందప్పా? నువ్వే కదా ఫోన్ చేసింది?" శేషప్ప తన పిల్లల మీద ఒట్టు పెట్టుకున్నాడు. ఆమె నమ్మలేదు. అక్కడి నుంచి పక్కింటి వాళ్ల మీద పడింది. మరుసటి రోజు నుంచి పిల్లలను తనే బడి దాకా దించి, సాయంత్రం గేటు దగ్గర కాపు కాసి తీసుకురావడం మొదలుపెట్టింది. ఇంటి చుట్టుపక్కల ఎవరు పలకరించినా జవాబివ్వడం మానేసింది. పక్కింటావిడ తెచ్చిచ్చిన అనపకాయల కూర గిన్నెతో సహా తిప్పి పంపింది.

ఆ గిన్నె వెనక్కి ఇచ్చి వచ్చింది రంజితే. ఆవిడ కళ్లలో నీళ్లు చూసింది. ఇంటికి వచ్చి, దొడ్లో పెంట ఎత్తుతున్న అత్త ముందు నిలబడింది.

"వాళ్లెవరూ కాదత్తా. నేనే చేసినాను ఫోను."

మంజులమ్మకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో గంప కింద పెట్టి, దానిమీదే చూపు నిలిపి కూర్చుంది. కొట్టలేదు. "నన్నే అడిగుంటే చెప్పేదాన్ని కదే," అంది.

"అడిగితే అబద్ధం చెప్తావేమోనని."

"నేనా? నీతో ఎప్పుడు అబద్ధం చెప్పినాను నేను?"

"అందరూ అబద్ధమే చెప్తారు, ఎవరినీ నమ్మొద్దు అని దినామూ చెప్పేది నువ్వే కదత్తా."

ఆ పూట మంజులమ్మ అన్నం తినలేదు. మర్నాడు పొద్దున గొర్రెలను పక్కింటావిడ కొడుక్కి అప్పగించింది. అందుకోసం ఆవిడ గుమ్మం ఎక్కి, తలదించుకుని నిలబడాల్సి వచ్చింది. పిల్లలిద్దరినీ తీసుకుని కృష్ణగిరి బస్సెక్కింది.

దరఖాస్తు పెట్టాక కొన్నాళ్లకు కమిటీ ముందుకు పిలిచారు. మొదట మంజులమ్మను పిలిచి నాలుగు మాటలు అడిగారు. తర్వాత ఆమెను బయటికి పంపి, పిల్లలను మాత్రం లోపల ఉంచి తలుపు వేశారు. కలైసెల్వి టీ తెచ్చి ఇచ్చింది. టీ తాగేలోపు వెనక వైపు నుంచి పిల్లలను తీసుకుపోతారేమోనని మంజులమ్మ గ్లాసు ముట్టుకోలేదు. భవనం చుట్టూ తిరిగి వచ్చి, ఇంకో తలుపు లేదని చూసుకున్నాకే బెంచీ మీద కూర్చుంది. లోపల రంజిత గొంతు వినిపిస్తోంది, మాటలు మాత్రం తెలియడం లేదు. ఇంత కోపం పెట్టుకున్న పిల్ల ఏం చెబుతుంది? 'నాకు అక్కడ వద్దు' అంటే చాలు కదా. అనడానికి కారణాలు కూడా ఉన్నాయి. టూరు, చెప్పులు, చదువుకునే వేళ నీళ్లు మోయించడం. తన తప్పులన్నీ ఆ బెంచీ మీద ఆమెకు ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి.

తలుపు తెరుచుకుంది. భరణి బిస్కెట్టు నములుతూ వచ్చి అత్త ఒడిలో పడ్డాడు. రంజిత వెనకగా వచ్చింది. "పోదామా?" అంది, మామూలుగా.

తిరుగు బస్సులో మంజులమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. వేప్పనపల్లి దగ్గర పడ్డాక రంజితే అంది: "లోపల ఏమడిగినారో అడగవా?"

"చెప్పేదైతే నువ్వే చెప్తావు."

"అత్త కొడతాదా అని అడిగినారు. కొడతాది అని చెప్పినాను."

మంజులమ్మ కిటికీ వైపు నుంచి చటుక్కున తిరిగింది. "కొడతానని చెప్పినావా?"

"బడికి పోనని మొండికేస్తే కొడతాదని చెప్పినాను. కమిటీలో ఆయమ్మ నవ్వింది. ఇంగ యాడన్నా ఉంటావా అంటే, మా అత్త దగ్గరే అన్నాను." మళ్లీ తనే, "అనుమానం మనిషే, కానీ తిండి దగ్గర మోసం చెయ్యదని కూడా చెప్పినాను," అంది.

మంజులమ్మ భరణి నోటి మీద బిస్కెట్టు పొడి తుడిచింది.

ఆర్డరు వచ్చింది. డబ్బు పడే ఖాతాలో రంజిత పేరు కూడా ఉండాలని మంజులమ్మే పట్టుబట్టింది. మెసేజీ వస్తే ముందు పిల్ల చదవాలి, తర్వాతే తను. భరణికి చెప్పులు, రంజితకు కళ్లద్దాలు వచ్చాయి. పిల్లకు బోర్డు సరిగ్గా కనబడడం లేదన్న సంగతి డాక్టరు చెప్పేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు.

అలాగని మంజులమ్మ మారిపోయిందని చెప్పలేం. ఒకసారి డబ్బు ఆలస్యమైతే ఎవరో తినేశారని బస్సెక్కి నేరుగా కృష్ణగిరి పోయింది. ఆమెను చూడగానే కలైసెల్వి కుర్చీ వేసి, "అందరికీ ఆలస్యమే అమ్మా, ఈ నెల," అంది. మంజులమ్మ ఆ మాట నమ్మినట్టు లేదు. పక్కన నిలబడిన రంజిత వైపు చూసింది.

"నువ్వు అడగవే," అంది.

రంజిత కళ్లద్దాలు సర్దుకుని, కంప్యూటరు తెర తమ వైపు తిప్పమని కలైసెల్విని తమిళంలో మర్యాదగా అడిగింది.