అవుటైనవాణ్ణి ఇంటికి పంపని టీచరు

మొన్న పలాస బస్టాండులో నా పక్కన కూర్చున్న ఆటగాడెవరో పాంటు మడిచి మోకాలికి నొప్పుల స్ప్రే కొట్టుకున్నాడు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే మా లోలాక్షి టీచరు గుర్తొచ్చింది. ఆవిడ భుజానికి వేలాడే సంచీలో ఎప్పుడూ అదే వాసన. ఉద్దానంలో మా ఊరి హైస్కూలుకు ఆవిడ డ్రిల్లు టీచరు. కుచ్చెళ్లు పైకి దోపి, చీర కింద కాన్వాసు బూట్లు వేసుకుని, ఇసుకలో సున్నం గీతలు తానే గీసేది. ఆవిడ విజిల్ ఊదితే కోళ్లు కూడా వరసలో నిలబడతాయని మా నాన్న ఎగతాళి చేసేవాడు. ఎదురుపడితే మాత్రం భుజం మీది తువ్వాలు సర్దుకునేవాడు.

మా అన్నయ్య సూర్యం ఆవిడ చేతిలో తయారైన కబడ్డీ ఆటగాడు. కూతకు వెళ్లాడంటే అవతలి జట్టుకు గుండె జారిపోయేది. భావనపాడు నుంచి ఇచ్ఛాపురం దాకా ఎక్కడ పోటీలు పెట్టినా అన్నయ్యకు పిలుపొచ్చేది. ఒకసారి మోకాలు బెణికింది. కదలకుండా ఇంట్లో కూర్చోమని టీచరు గట్టిగా చెప్పింది. ఆవిడకు తెలియకుండా జట్టు పెద్దలు నొప్పి తెలియని సూది వేయించి ఫైనల్లో ఆడించారు. ఆ రోజు గెలిచారు కూడా. మోకాలు మానిపోయినా అన్నయ్య సూదిని వదల్లేకపోయాడు. కొన్నాళ్లకు దొంగచాటుగా తానే పొడుచుకోవడం నేర్చాడు.

ఇవేవీ మాకు తెలియవు. మనిషి చిక్కిపోయాడు, అన్నం చూస్తే వాంతి అన్నాడు, ముఖం పాలిపోయింది. ఉద్దానంలో అలాంటి మనిషిని చూస్తే ఎవరి మనసైనా ఒకే చోటికి పోతుంది. మా వీధిలోనే కిడ్నీలు పాడై చనిపోయినవాళ్లు ఎందరో. చదువు రాని మా అమ్మ నోట క్రియాటినిన్ అనే మాట తడుముకోకుండా వస్తుంది. అన్నయ్యను పలాస తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించారు. బాగానే ఉందనగానే అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. ఊరికి రాగానే అమ్మవారికి కొబ్బరికాయలు కొట్టి వీధంతా ప్రసాదం పంచింది. కిడ్నీ బాగుంటే మనిషికి ఇంకే జబ్బూ రాదన్నట్టు మేమంతా సంబరపడ్డాం.

టీచరు మాత్రం ప్రసాదం కళ్లకద్దుకుని నన్ను పక్కకు పిలిచింది. "ఇంత ఎండలో మీ అన్న పొడుగు సేతుల సొక్కా ఎందుకేసుకుంతన్నాడే?" అని అడిగింది. నాకేం తెలుసు? ఆ సాయంత్రం గ్రౌండులో అన్నయ్య చేత చొక్కా చేతులు పైకి మడిపించింది. మోచేతి మడతలో సూది మచ్చలు చూసి ఒక్క కేక కూడా వెయ్యలేదు. అరవని లోలాక్షి టీచర్ని నేనెప్పుడూ చూడలేదు. నాకు భయం వేసింది.

సంగతి తెలిసిన నాన్న అన్నయ్యను జీడితోటలోకి ఈడ్చుకెళ్లి చెట్టుకు కట్టేసి కొట్టాడు. అడ్డం వచ్చిన అమ్మను తోసేశాడు. "పోలీసోళ్లకి అప్పగించేత్తాను. నాకు కొడుకే లేడనుకుంతాను," అని అరుస్తున్నాడు. ఉత్తి బెదిరింపు కాదు, టెక్కలి స్టేషనుకు పోవడానికి ఆటోకు కబురు కూడా పెట్టాడు. నేను ఏడుస్తూ పరుగెత్తి టీచర్ని తీసుకొచ్చాను. ఆవిడ వస్తూనే తాడు విప్పి, నాన్న వైపు తిరిగింది.

"అన్నయ్యా, మొన్న పరీచ్చలో కిడ్నీ జబ్బని తేలితే ఏటి సేసీవోడివి?"

"తోట అమ్మయినా వైద్యం సేయించీవోన్ని."

"ఇలగ సెట్టుకి కట్టి కొట్టీవోడివా?"

నాన్న చూపు కిందపడ్డ తాడు మీదికి పోయింది.

"ఇదీ జబ్బే అన్నయ్యా. ఆ సూది అలవాటు సేసినోళ్ల మీద కేసెట్టు, నానూ నీతో వత్తాను. ఈణ్ని మాత్రం ఆస్పత్రికి తీసుకెల్దుం."

నాన్న చేతిలో కర్ర పడేసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆటో వచ్చింది. అన్నయ్యను అందులోనే టెక్కలి తీసుకెళ్లి, శ్రీకాకుళం బస్సెక్కించారు.

చికిత్స చేయించుకుని తిరిగొచ్చాక జట్టు పెద్దలు అన్నయ్యను గ్రౌండులోకి రానివ్వం అన్నారు. ఆనాడు సూది వేయించింది తామేనన్న సంగతి హాయిగా మరిచిపోయారు. టీచరు వాళ్లతో కబడ్డీ నియమమే మాట్లాడింది. "అవుటైనోడు ఇంటికెల్పోడు కదా. గీతవతల కూకుంతాడు. మనోళ్లు పాయింటు తెత్తే మల్లీ లోనికొత్తాడు. మీకు నాను నేర్పాలేటి?" అంది. అన్నయ్య రోజూ సాయంత్రం ఆ గీత అవతల ఇసుకలో తల దించుకుని కూర్చునేవాడు. మొదట్లో ఎవరూ పలకరించలేదు. టీచరు ఆట మధ్యలో ఆపి, "సూర్యం, ఆడి కాలు ఎక్కడ తప్పింది?" అని అడిగేది. అన్నయ్య చెప్పక తప్పేది కాదు. కొన్నాళ్లకు జట్టువాళ్లే వచ్చి అడగడం మొదలుపెట్టారు.

ఇక్కడితో కథ సుఖాంతమైతే ఎంత బాగుండేది! మూలపేట వైపు పనికి వెళ్లిన రోజుల్లో అన్నయ్య మళ్లీ సూది పట్టాడు. మళ్లీ శ్రీకాకుళం బస్సే. ఈసారి టీచరుతో పాటు నేనూ వెళ్లాను. కిటికీ పక్కన వణుకుతున్న అన్నయ్యను చూస్తే జాలికంటే కోపమే ఎక్కువగా వచ్చింది. "ఇలా ఎన్నిసార్లని తిప్పుతాం టీచర్?" అన్నాను. ఆవిడ తన శాలువా తీసి అన్నయ్యకు కప్పింది.

"ఆడు బతికున్నన్నిసార్లు," అంది. "సచ్చిపోతే తిప్పమన్నా తిప్పలేం కదే."

టీచరు ఇప్పుడు లేదు. అంత ధైర్యం గల మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆవిడ మీద నాకున్నది గౌరవం ఒక్కటే కాదు, చెప్పలేనంత ప్రేమ. అన్నయ్య మళ్లీ పోటీల్లో ఆడలేదు. ఆ మంచి వయసు అలాగే పోయింది. పెళ్లయింది, తోట చూసుకుంటున్నాడు. పొద్దుపోయినా ఇల్లు చేరకపోతే అమ్మ ఇప్పటికీ గుమ్మంలోనే నిలబడుతుంది. ఈ రోజు బాగున్నాడు. రేపటి సంగతి నాకు తెలియదు. మళ్లీ పడితే మళ్లీ బస్సెక్కిస్తాను.