మాల్టాలో ఉండి రాజమండ్రి అన్నాను

ఇరవై ఏళ్లు దాటింది, ఒక తప్పును మోస్తున్నాను. మోయడం అంటే కుమిలిపోతూ బతికానని అనుకోకండి. హాయిగానే బతికాను. ఉద్యోగంలో పైకొచ్చాను, ఇద్దరు పిల్లల్ని పెంచాను, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ సలహాలు చెప్పాను. అయినా ఆ బరువు ఎక్కడికీ పోలేదు. నా పేరు మీకు చెప్పను. మిగతాదంతా ఉన్నదున్నట్టు చెబుతాను. ఏడుపులు ఉండవు. ఏడ్చే హక్కు ఇందులో నాది కాదు.

అవి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరు మీదున్న రోజులు. సింగపూర్‌లో దిగిన ప్రతి తెలుగువాడికీ ఏదో ఒక కంపెనీ కుర్చీ వేసి కూర్చోబెట్టేది. రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకు కోసం మేం కొత్త సిస్టమ్ పెడుతున్నాం. దాని లోతుపాతులు పూర్తిగా తెలిసినవాళ్లం ఇద్దరమే. నేనూ, నా కింద పనిచేసే వసంతా. ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ ఊళ్లోనే ఉండాలని మా మేనేజర్ లిమ్ గట్టిగా చెప్పాడు.

వసంతది కాకినాడ. నాకంటే చాలా చిన్నది. టోవా పాయోలో ఒక చైనీస్ ముసలావిడ ఫ్లాట్‌లో గది తీసుకుని ఉండేది. ఆదివారం వచ్చిందంటే ఆంగ్ మో కియోలో మా ఇంటికి వచ్చేసి, నన్ను వంటింట్లోంచి తరిమి తనే పులిహోర కలిపేది. తోడబుట్టినవాళ్లు లేని నన్ను "అక్కా" అని పిలిచిన మొదటి మనిషి ఆమే.

ఆమెకి శేఖర్ అనే అబ్బాయి కాలేజీ రోజుల నుంచీ ఇష్టం. వాళ్లది విశాఖపట్నం. కులాలు వేరు. రెండిళ్లలోనూ ఏళ్ల తరబడి గొడవ నడిచింది. చివరికి అబ్బాయి పెదనాన్న, ఆ ఇంట్లో ఆయన మాటకి తిరుగులేదు, ఇష్టం లేకుండానే సరే అన్నాడు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం నిశ్చితార్థానికి ముహూర్తం పెట్టారు. వసంతకి సెలవు మంజూరైంది. చీర కొనుక్కుంది. ఆ చీర ఎంచడానికి తోడు వెళ్లింది నేనే.

సరిగ్గా ఆ వారమే మా ఆయనకి సెలవు దొరికింది.

ఆయన ఉద్యోగం లండన్‌లో. పెళ్లయ్యాక మేం కలిసి ఉన్నది కొన్ని నెలలే. ఫోన్‌లో పోట్లాడుకునేవాళ్లం. తర్వాత పోట్లాటలు కూడా తగ్గాయి, దాంతో ఇంకా భయం వేసింది. "ఎక్కడైనా ఎండ ఉన్నచోట కలుద్దాం, ఈ చీకటి నావల్ల కావడం లేదు" అన్నాడు. మధ్యధరా సముద్రంలో మాల్టా అనే దీవి ఉంది, అక్కడ చలికాలంలో కూడా ఎండ కాస్తుందని ఎవరో చెప్పారట. ఈ వారం పోతే మళ్లీ ఎప్పుడు కలుస్తామో తెలియదు. కలుస్తామో లేదో కూడా తెలియదు.

వసంతని నిజం చెప్పి అడిగి ఉండొచ్చు. ఎందుకు అడగలేదు? కాదంటుందనా? కాదనడం ఆమెకి న్యాయమే అని నాకు తెలుసు. ఆమె నిశ్చితార్థం పక్కన నా విహారయాత్ర నిలబడదు. కాబట్టి నిలబడే కారణం ఒకటి వెతికాను. రాజమండ్రిలో మా అమ్మకి గుండెనొప్పి వచ్చిందని, ఆస్పత్రిలో చేర్చారని ఆఫీసులో చెప్పాను. అమ్మ ఆ సమయంలో ఇంట్లో పప్పు రుబ్బుకుంటూ ఉండి ఉంటుంది.

వసంత నా రెండు చేతులూ పట్టుకుంది. "మీరు ముందు బయల్దేరండక్కా. ముహూర్తాలదేముంది, ఇంకోటి పెట్టించుకుంటాం" అంది. ఆమె గొంతు వణకడం నాకు వినపడింది. వినపడనట్టు ఉండిపోయాను.

ఇక్కడ నేను మీకు ఇంకో అబద్ధం చెప్పదలచుకోలేదు. ఆ దీవిలో నాకు మనసు పట్టలేదని, ప్రతి క్షణం నేరం గుర్తొచ్చిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. అలా జరగలేదు. నా జీవితంలో అంత సంతోషంగా గడిచిన వారం మరొకటి లేదు. సీజన్ కాదు కాబట్టి సముద్రపు ఒడ్డున హోటళ్లు సగం మూసేసి ఉన్నాయి. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి తాళ్లతో కట్టారు. తేనెరంగు రాతి ఇళ్లు, వాటి గోడల మీద ఎండ, పొలాల నిండా పసుపుపచ్చ చిన్న పూలు. బల్ల మీద పెట్టిన నారింజపండ్లకి ఆకులు కూడా ఉన్నాయి. మొదటి రెండు రోజులు మేం కొత్తవాళ్లలా మాట్లాడుకున్నాం. మూడో రోజు ఒక ఖాళీ పడవల రేవులో కూర్చుని, అన్నీ మాట్లాడుకున్నాం, ఆయన సింగపూర్ వచ్చేయడం గురించి కూడా. ఆ వారమే మా కాపురాన్ని నిలబెట్టింది. ఇది కూడా నిజమే.

పని ఎలా నడుస్తోందో కనుక్కోవడానికి ఒక పొద్దున హోటల్ నుంచి ఆఫీసుకి ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం. వసంతే ఎత్తింది.

"అమ్మగారికి ఎలా ఉందక్కా?"

"పర్లేదు. కొంచెం నయం."

"హమ్మయ్య. అక్కా, ఆ గంటలేంటి?"

ఎదురుగా ఉన్న చర్చిలో గంటలు మోగుతున్నాయి. ఆగకుండా మోగుతున్నాయి.

"ఆస్పత్రి పక్కనే గుడి ఉందిలే," అన్నాను.

వసంత ఇక గంటల మాట ఎత్తలేదు. తర్వాత నెమ్మదిగా అడిగింది. "అక్కా, అడగకూడదు గానీ, మీరు శుక్రవారానికి రాగలరా? వాళ్ల పెదనాన్నగారు ముహూర్తం మార్చనంటున్నారంట. ఆ రోజు అమ్మాయి వస్తేనే సంబంధం, లేదంటే లేదు అన్నారంట. శుక్రవారం మీరు దిగితే నేను ఆ సాయంత్రం ఫ్లైట్ పట్టుకుంటాను. లిమ్‌తో నేను మాట్లాడతాను."

అది బుధవారం. బయల్దేరితే శుక్రవారానికి సింగపూర్ చేరొచ్చు. కిటికీలోంచి చూస్తే మా ఆయన కింద ఎండలో కూర్చుని, నాకోసం పండు ఒలిచి పెడుతున్నాడు.

"డాక్టర్లు ఇంకా వదలట్లేదు వసంతా. నేను లేకపోతే అమ్మ బెంగపడుతుంది."

"అయ్యో, వద్దక్కా, వద్దు. అమ్మకంటేనా! మీరు ఉండండి. నేను అడిగానని ఏమీ అనుకోకండే."

ఫోన్ పెట్టేసి కిందికి వెళ్లాను. పండు తిన్నాను.

మొదటి అబద్ధానికి తొందర ఉంది, భయం ఉంది. దాన్ని ఎవరికైనా వివరించగలను. రెండోదానికి ఏమీ లేదు. దాని ఫలితం ఏమిటో నాకు విడమరిచి చెప్పారు. తెలిసే ఆడాను. నేను ఒప్పుకుంటున్న తప్పు అదే.

సంబంధం చెడిపోయింది. ఉద్యోగం కోసం నిశ్చితార్థానికి రాని పిల్ల, రేపు కాపురం ఏం చేస్తుంది అన్నాడట పెదనాన్న. శేఖర్ కొన్నాళ్లు కొట్టుకున్నాడు, తర్వాత చల్లబడ్డాడు, ఏడాది తిరక్కుండా వాళ్లు చూపించిన అమ్మాయిని చేసుకున్నాడు. అతనే గట్టిగా నిలబడి ఉంటే, అని చాలాసార్లు అనుకున్నాను. అనుకుంటే ఊరటగా ఉండేది. కానీ అతని పిరికితనం అతని లెక్క. నేను చేసిన దాంట్లోంచి అది ఒక్క ముక్క కూడా తీసేయదు.

నేను తిరిగి వచ్చిన రోజు వసంత మా ఇంటికి వచ్చింది. లిటిల్ ఇండియా గుడిలో అమ్మ పేరు మీద అర్చన చేయించి, కుంకుమ తెచ్చింది. నా మొహం చూసి, "ఎండకి ఎలా నల్లబడిపోయారక్కా, ఆస్పత్రికీ ఇంటికీ తిరిగి తిరిగి" అంది. పెరుగన్నం కలిపి పెట్టింది. తన సంగతి నేను అడిగితే గానీ చెప్పలేదు. చెప్పినప్పుడు కూడా నా వైపు వేలు చూపించలేదు. నేను ఆ కుంకుమ పెట్టుకున్నాను.

మరుసటి ఏడు అమ్మ సింగపూర్ వచ్చింది. వసంతతో ఏం మాట్లాడాలో ఆవిడకి ముందుగా చెప్పడానికి నాకు సమయం చాలలేదు. వసంత వస్తూనే, "ఆంటీ, నెమ్మదిగా, మెట్లు ఎక్కకండి, గుండె ఇప్పుడెలా ఉంది?" అంటూ ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. అమ్మ నా మొహం చూసింది. ఒక్క చూపు. "ఇప్పుడు బాగుందమ్మా, నీ పూజలే కాపాడాయి" అంది. వసంత వెళ్లాక అంతా చెప్పాను. అమ్మ తిట్టలేదు. "నీకోసం అన్నాను. ఇంకోసారి నాచేత అనిపించకు" అని, ఆ పిల్ల తెచ్చిన స్వీట్ల డబ్బా ముట్టుకోకుండా లోపలికి వెళ్లిపోయింది.

వసంత చాలా ఆలస్యంగా పెళ్లి చేసుకుంది. ఆయన ఇక్కడే పుట్టి పెరిగిన తమిళాయన, బడిలో టీచర్. ఒక కూతురు. వాళ్లు బాగున్నారు. ఆమె నవ్వినప్పుడల్లా, చూశావా, నువ్వు చేసింది మంచికే అయింది అని నాలో ఒక గొంతు అనేది. ఆ గొంతంటే నాకు అసహ్యం. ఆమె సంతోషాన్ని ఆమె కట్టుకుంది. అందులో నేను వేసిన ఇటుక ఏదీ లేదు.

కిందటేడు అమ్మ పోయింది. నిద్రలోనే, ప్రశాంతంగా. నేను వెళ్లి వచ్చాక వసంత పలకరించడానికి వచ్చింది. సోఫాలో నా పక్కనే కూర్చుని వీపు నిమురుతూ అంది, "ఆ రోజుల్లోనే పోవాల్సిన ప్రాణం అక్కా. మీరు అన్నీ వదిలేసి వెళ్లి దగ్గరుండబట్టే ఇన్నేళ్లు దక్కింది."

అమ్మ చావుని కూడా ఆ అబద్ధం మీదే పడుకోబెట్టాలా? ఇక నావల్ల కాలేదు. చెప్పేశాను. మాల్టా, చర్చి గంటలు, బుధవారం, అంతా. సంజాయిషీ ఏమీ కలపలేదు.

నా వీపు మీద చెయ్యి ఎప్పుడు తీసిందో తెలియదు. కింద మా బిల్డింగ్ దగ్గర ఎదురుచూస్తున్న కూతురు ఫోన్ చేసింది. "మమ్మీ, ఇంకా ఎంతసేపు లా?" అని సింగపూర్ యాసలో అన్న గొంతు నాకూ వినపడింది. "వస్తున్నా" అని లేచింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఒక్కటే అడిగింది.

"శుక్రవారానికి రాగలరా అన్నాను కదా. అప్పుడు ఒకసారైనా టికెట్ కోసం కనుక్కున్నారా?"

"లేదు," అన్నాను.

తలూపింది. లిఫ్టు వచ్చింది. వెళ్లిపోయింది.

మా ఆయనకి ఆ సాయంత్రమే చెప్పాను. నాకు సెలవు మామూలుగానే ఇచ్చారని ఆయన ఇన్నేళ్లూ నమ్మాడు. విని, బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాడు. "మనకున్న మంచి రోజులు అవే అనుకుంటూ ఉండేవాణ్ణి," అన్నాడు. మేం కలిసే ఉన్నాం. ఆ వారం గురించి మాత్రం ఇక మాట్లాడుకోం.

వసంత మళ్లీ ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. క్షమించమని అడిగితే, ఆమె మంచితనం కొద్దీ సరే అనేస్తుందేమోనని నా భయం. ఆమె చేత ఇంకో త్యాగం చేయించను. కోపం ఉంచుకోవాలంటే ఉంచుకోనీ, అది ఆమెకి నేను ఆలస్యంగా ఇచ్చిన హక్కు.

మిమ్మల్ని కూడా క్షమాపణ అడగడం లేదు. నేను చేసింది ఇప్పుడు ఆమెకి తెలుసు, ఆయనకి తెలుసు, మీకు తెలుసు. తెలియకుండా నన్ను ఇష్టపడేవాళ్లు ఇక ఎవరూ మిగల్లేదు. విచిత్రం ఏమిటంటే, ఊపిరి తేలిగ్గా ఆడుతోంది.