మొదటి నుంచి కడుక్కో

ఆ రోజుల్లో కాలువ నీళ్ళు రాయచూరు వైపు మా ఊరు గోరేబాళకు కొత్త, ఆసుపత్రి కొలువు నాకు కొత్త. కోస్తా నుంచి వలస వచ్చి వరి వేసుకున్న ఇంటి పిల్లను. చేతులు కడుక్కోవడం కూడా ఒక విద్యేనని ఎవరైనా అంటే పడీపడీ నవ్వేదాన్ని. ఆపరేషన్ గదిలో మా పెద్ద సిస్టరమ్మను చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. ఆవిడ రాయచూరులో పాత కాపురం మనిషి. మేమంతా (వినబడకుండా) పదినిమిషాలమ్మ అనేవాళ్ళం. సబ్బు, బ్రష్షు, ఒక్కో గోరు, ఒక్కో వేలి సందు, మోచేతుల దాకా పది నిమిషాలు తోమేది. ఆపైన చేతులు పైకెత్తి, మోచేతుల నుంచి నీళ్ళు కారుతుండగా నడిచి వస్తే గర్భగుడిలోకి పూజారి వస్తున్నట్టుండేది. డాక్టరుగారు కూడా పక్కకు జరిగేవారు. నాకైతే ఒళ్ళు గగుర్పొడిచేది.

అలాంటి మనిషి ఒకరోజు "ఇయ్యాల కత్తెరలు నువ్వందియ్యాలె" అంది. కాన్పుకొచ్చింది మా కాలువ వైపు పిల్లే, తొలిచూలు, బిడ్డ అడ్డం తిరిగింది. కోసి తీయకపోతే ఇద్దరూ దక్కరు. నేను పది నిమిషాలూ (భయానికి ఇంకొకటి కలిపి) తోముకుని, చేతులెత్తి గుమ్మం దాకా వచ్చేసరికి ఆ పిల్ల అత్తగారు చెంబుతో ఎదురొచ్చింది. "తీర్థం పుచ్చుకోమ్మా, మా కోడలి ప్రాణం మీ చేతుల్లోనే ఉంది" అంది. తీర్థం వద్దనే నోరు మా వంశంలో లేదు. ఎడమ చేత్తో ముక్కుకు కట్టిన గుడ్డ కిందికి లాగాను, కుడి చెయ్యి పట్టాను, తాగాను, ఆ తడి చెయ్యి భక్తిగా తలకు రాసుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, నేనెక్కడ నిలబడ్డానో.

లోపల డాక్టరుగారూ సిస్టరమ్మా ఇద్దరూ అటు తిరిగి ఉన్నారు. గ్లవ్స్ తొడిగేస్తే ఎవరికి తెలుస్తుందిలే అని మనసు గొణిగింది. (ఆ గ్లవ్సూ చిల్లులకు అతుకులేసి, మళ్ళీ మళ్ళీ ఉడకబెట్టినవే.) చెబితే కొలువు పోతుంది. చెప్పకపోతే ఆ పిల్ల ఏమవుతుందో!

"సిస్టరమ్మా, నేను తీర్థం పుచ్చుకున్నానండీ" అన్నాను.

"ఎవరన్న చూసిన్రా?"

"లేదండీ."

"మరెందుకు జెప్పినవ్?"

"ఆ అమ్మాయికి ఏమన్నా అయితేనో అని..."

ఆవిడ తిట్టలేదు. "కత్తెరలు నేనే అందిస్త. నువ్వు పో, మొదటి నుంచి కడుక్కో" అంది, అంతే.

మళ్ళీ ఒక్కో గోరూ తోముతున్నాను. ఎనిమిదో నిమిషంలో లోపల బిడ్డ కేరుమంది. "తల్లి కూడ మంచిగనే ఉంది" అని సిస్టరమ్మ కేకేసింది. నాకు ఏడుపు ఆగలేదు. నా వెక్కిళ్ళు వినపడ్డాయేమో, ఆ గొంతే మళ్ళీ వినిపించింది. "ఏడువు బిడ్డా, గాని మొకం ముట్టకు!"

ముట్టుకోలేదు. ఎవరికీ అక్కర్లేని ఆ చేతుల్ని, కళ్ళూ ముక్కూ కారుతుండగా, మిగిలిన రెండు నిమిషాలూ తోముతూనే ఉండిపోయింది ఆ పిచ్చిపిల్ల (నేనే). తలుచుకుంటే నవ్వొస్తుంది. అంత బుద్ధిగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను.