కర్రోడిని వెతుక్కుంటూ అల్మాస్‌గూడ దాకా

బంద్ రోజున ఎవరూ ప్రయాణం పెట్టుకోరు. నేనూ పెట్టుకోలేదు. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులవి. బస్సులు లేవు, మా బ్యాంకు తెరవరు. ఉదయం ఆరుంబావుకు పాల ప్యాకెట్ కోసం ఎల్బీనగర్‌లోని మా కాలనీ గేటు దాకా వచ్చాను. ఇస్త్రీ బండి యాదమ్మ స్టీలు టిఫిన్ డబ్బా పట్టుకుని బయటికి వెళుతూ కనబడింది.

"ఇంత పొద్దున్నే ఎక్కడికి యాదమ్మా?" అన్నాను.

"దిల్‌సుఖ్‌నగర్ పోతున్న సార్. మన కుక్కలను పట్టుకపోయిన ట్రాలీ ఆటో ఆయన గాడ్నే డిపో ఎనుక ఉంటడంట. మా కర్రోన్ని ఏడ ఇడిసిండో అడిగొస్తా."

"బస్సులు లేవుగా."

"కాళ్లున్నయి గద సార్."

యాదమ్మది నల్లగొండ జిల్లా. భర్తతో కూలికి వచ్చి, ఆయన పోయాక మా కాలనీలో ఇస్త్రీ బండి పెట్టుకుంది. అరవై దాటి ఉంటాయి. కర్రోడు ఆమె బండి కింద పడుకునే నల్లకుక్క. పాత చీర అంచు చింపి దాని మెడకు ఎర్ర పట్టీ కట్టింది. ఎవరినైనా చూసి అది మొరగడం నేనెప్పుడూ వినలేదు.

అంతకు నెల ముందు మా ఆవిడ స్కూటీ మీద వస్తుంటే కుక్కలు అడ్డం పడ్డాయి. కిందపడి ఆమె మణికట్టు విరిగింది. కాలనీ సంఘానికి కార్యదర్శిని నేను. మున్సిపాలిటీకి చెబితే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి మళ్లీ మన దగ్గరే వదులుతారని తెలుసు కాబట్టి వాళ్లకు చెప్పలేదు. ఎవరో ఇచ్చిన నంబరుకు నేనే ఫోన్ చేసి ట్రాలీ ఆటో ఆయన్ని పిలిపించాను. ఆరు కుక్కల్ని వలవేసి పట్టుకుపోయాడు. యాదమ్మ అప్పుడు ఊళ్లో లేదు, చుట్టాలింట్లో ఎవరో పోతే వెళ్లింది. తిరిగొచ్చాక కమిటీ వాళ్లెవరో చేయించారని విన్నది. ఆ కమిటీ నేనేనని ఆమెకు తెలియదు.

ఆ ట్రాలీ ఆయన నంబరు నా సెల్‌ఫోన్‌లోనే ఉంది. అక్కడే నిలబడి ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. కానీ ఆ నంబరు నా దగ్గర ఎందుకుందో చెప్పాల్సి వస్తుంది. అందుకని, "ఉండు, నేనూ వస్తాను" అన్నాను. ఆమె నిజంగా సంతోషించింది. నేను మాత్రం ఆ ట్రాలీ వాడు ఆమె ముందు నా పేరు చెప్పకుండా చూసుకోవాలని బయలుదేరాను. జాలి కూడా కొంత ఉందని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఎంత ఉందో ఇప్పటికీ తెలియదు.

పాలు ఇంట్లో ఇచ్చి, ఒక నీళ్ల సీసా తీసుకుని ఆరూ నలభైకి కదిలాం. ఎల్బీనగర్ చౌరస్తాలో అప్పటికే రోడ్డు మధ్య టెంట్ వేశారు. వంటావార్పు జరుగుతోంది. మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద గిన్నెలో ఉప్మా కలుపుతున్నారు. చుట్టూ నాలుగైదు కుక్కలు వరుసగా కూర్చుని ఉన్నాయి. ఒక్కోదాన్నీ యాదమ్మ వంగి వంగి చూసింది.

"ఇవి గూడ మాతోటే ధర్నాల కూసున్నయమ్మా, పొద్దటిసంది లేస్తలేవు" అన్నాడు గరిటె పట్టుకున్న యువకుడు. నా మాట తీరు పసిగట్టి, "ఏ ఊరు సార్ మీది?" అని అడిగాడు.

ఒంగోలు దగ్గర అని చెప్పడానికి ఒక్క క్షణం తటపటాయించాను.

"అయితేంది సార్, తినుర్రి" అని విస్తరాకులో ఉప్మా పెట్టాడు. తర్వాత అదే గరిటెతో కుక్కలకూ తలా కాస్త వేశాడు. ఆ రోజు తినడానికి మాకు ఖర్చు కాలేదు, దారి పొడుగునా ఎవరో ఒకరు పెడుతూనే ఉన్నారు.

కొత్తపేట మీదుగా దిల్‌సుఖ్‌నగర్‌కు మామూలుగా బస్సులో పావుగంట. ఆ రోజు గంటన్నర పట్టింది, యాదమ్మ దారిలో కనబడిన ప్రతి నల్లకుక్క దగ్గరా ఆగింది మరి. ఎప్పుడూ బస్సులూ లారీలూ ఒరుసుకుంటూ పోయే ఆ రోడ్డు మధ్యలో కుక్కలు కాళ్లు చాచుకుని ఎండ కాచుకుంటున్నాయి.

ఎనిమిదిన్నరకు డిపో వెనక సందు మొదట్లో ఒక మెస్ సగం షట్టర్ దించుకుని కనబడింది. కోచింగ్ పిల్లల హాస్టళ్ల మధ్య ఉంది అది. నడిపేది గోదావరి జిల్లా ఆవిడ. యాదమ్మను అక్కడ కూర్చోబెట్టి, "నువ్వు అలిసిపోయావు, నేను కనుక్కొస్తా" అన్నాను. సగం షట్టర్ కింద వంగి ఆవిడ మాకు టీ ఇచ్చింది.

"కుక్క కోసం అంత దూరం నడిచొచ్చారాండీ?" అంది ఆశ్చర్యంగా. "మా ఊళ్లో అయితే దూడల పాకలో దూడతో పాటే పడుంటదండి. ఇక్కడ మాత్రం గుమ్మం తొక్కనివ్వనండి. పదిమంది పిల్లలు తినే చోటు కదా."

గోడ దగ్గర గ్లాసు పట్టుకుని కూర్చున్న హాస్టల్ వాచ్‌మన్ నేపాలీ. తనూ మాట కలిపాడు. "మా నేపాల్‌ల దివాళీకి ఒక రోజు కుక్కదే అమ్మా. మెడల దండ ఏస్తం, బొట్టు పెడ్తం, మంచి అన్నం పెడ్తం. రోడ్డు మీద కుక్కకి భీ."

"మిగిలిన దినాలు?" అంది యాదమ్మ.

వాచ్‌మన్ నవ్వేశాడు. "మిగిలిన దినాలు రాయి భీ ఏస్తరమ్మా."

నేను సందులోకి వెళ్లాను. ట్రాలీ ఆయన పేరు శ్రీశైలం. బంద్ కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు. సంగతి చెప్పగానే నన్ను ఎగాదిగా చూశాడు.

"మీరే గద సార్, మల్ల తిరిగి రాకుంట దూరం ఇడువమన్నది?"

"అవును. ఎక్కడ వదిలావు?"

"అల్మాస్‌గూడ దాటినంక కొత్త వెంచర్ కమాన్ ఉంటది. గాడ దించిన." కాస్త ఆగి అన్నాడు. "నేను ఐదేండ్లు సౌదీల పని చేసిన సార్. నేనున్న కాడ రోడ్ల మీద ఒక్క కుక్క కనపడకపోతుండె. ఏడికి పోయినయో అడిగినోడు లేడు. గీడనేమో పట్టుకపోయేటప్పుడు ఎవ్వలు మాట్లాడరు, పోయినంక అడుగుతరు."

ఆటోలో తీసుకువెళతావా అంటే, బంద్ రోజు బండి తీస్తే అద్దాలు మిగలవన్నాడు. గుమ్మం దిగుతూ, "నా పేరు ఆమెకు చెప్పకు" అన్నాను. ఆ మాట ఎంత చిన్నగా అన్నానో నాకే వినబడింది.

అల్మాస్‌గూడ అని చెప్పగానే యాదమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. "గంత దూరమా! గంత దూరం ఎందుకు ఇడిసిండు సార్?"

"ఏమో" అన్నాను.

తొమ్మిదింబావుకు సరూర్‌నగర్ వైపు తిరిగాం. ఈ దారిన నడవదలచుకున్నవాళ్లు నీళ్లు ఎక్కువ పెట్టుకోండి, చెరువు దాటాక నీడ తక్కువ. మా సీసా చెరువుకట్ట దగ్గరికే అయిపోయింది. కట్ట దిగువన చిన్న కిరాణా కొట్టు ముందు మట్టిమూకుడులో నీళ్లు పెట్టి ఉన్నాయి. ఒక కుక్క తాగుతోంది. కొట్టాయన, తెల్ల గడ్డం పెద్దాయన, మా సీసా తీసుకుని లోపలి కుండలోంచి నింపి ఇచ్చాడు. యాదమ్మ ఆయన్నీ అడిగింది, మెడలో ఎర్రపట్టీ ఉన్న కర్రె కుక్క వచ్చిందా అని.

"రాలేదమ్మా. వస్తే నీళ్లయితే తాగి పోతది." మూకుడు వైపు చూపించాడు. "ఇంట్లకు రానియ్యం. బట్టలకు తగిల్తే నమాజుకు మల్ల కడుక్కోవాలె. గని దప్పికైన జీవికి నీళ్లు పోస్తే సవాబ్, పుణ్యం. రెండు గూడ మా పెద్దలు చెప్పినయే."

మీర్‌పేట చేరేసరికి పదకొండున్నర. యాదమ్మ చెప్పు తెగింది. కొంగులోంచి పిన్నీసు తీసి గుచ్చుకుని నడిచింది. డబ్బా నేను పట్టుకుంటానంటే ఇచ్చింది. తేలిగ్గానే ఉంది. "ఏముంది ఇందులో?" అన్నాను.

"పెరుగన్నం సార్. కర్రోనికి కారం పడదు."

అక్కడినుంచి ఇళ్లు పలచబడతాయి. పొలాలు కొన్ని, తెల్లరాళ్లు పాతిన ప్లాట్లు కొన్ని. ఒంటిగంటకు అల్మాస్‌గూడ దాటి కమాన్ దగ్గరికి చేరాం. ముఖద్వారంలా కట్టిన సిమెంటు కమాన్, దాని మీద ప్లాట్ల వెంచర్ పేరు, లోపల ఒక్క ఇల్లు కూడా లేదు. కమాన్ పక్క పాకలో నులక మంచం మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పేరు నర్సిరెడ్డి. ఆ వెంచర్ వేసింది ఆయన భూమిలోనే. ప్లాట్లకు ఇవ్వగా మిగిలిన ఎకరంలో రెండు బర్రెల్ని పెట్టుకున్నాడు. పాక నీడలో ఏడెనిమిది కుక్కలు పడుకుని ఉన్నాయి. యాదమ్మ ఒక్కోదాన్నీ చూసుకుంటూ వెళ్లి, చివరిదాకా చూసి, వెనక్కి వచ్చింది.

"ఎర్రపట్టీదా?" అన్నాడు నర్సిరెడ్డి, ఆమె అడగకముందే. లేచి నాకు మంచం చూపించాడు. నేను కూర్చోలేదు. ఆయన యాదమ్మకు నీళ్లిచ్చి, ఆమె తాగేదాకా ఆగి చెప్పాడు.

"తతిమ్మవి ఎటో చెదిరినయమ్మా. అది మాత్రం దించిన జాగల్నే పన్నది, గా కమాన్ కింద. మూడొద్దులు. బువ్వ పెడితె ముట్టలే. రోడ్డు మీద ట్రాలీ ఆటో సప్పుడైతె చాలు, లేసి ఉరుకుడే. గా బండే మల్ల ఇంటికి తీస్కపోతదనుకున్నదేమొ. నాలుగో దినం ఒక ట్రాలీ ఎంబడి బడంగ్‌పేట్ దిక్కు ఉరికింది. ఎనుకనుంచి టిప్పరొచ్చింది."

యాదమ్మ ఏడవలేదు. "ఏడ పెట్టిండ్రయ్యా?" అని అడిగింది.

పాక వెనక గట్టు వారన చూపించాడు. పట్టీ కట్టి ఉంది కాబట్టి ఎవరో సాదుకున్నదని, పారేయడానికి మనసొప్పక తనే గుంత తీయించానన్నాడు. పైన నాలుగు రాళ్లు పేర్చి ఉన్నాయి. యాదమ్మ అక్కడ కూర్చుని మట్టి మీద చెయ్యి ఆనించింది.

"ఎనుకట మా ఊర్ల కుక్కంటె వాడకట్టుది" అన్నాడు నర్సిరెడ్డి నాతో. "పది ఇండ్లు తలొక ముద్ద ఏస్తుండె. దొంగొస్తె పది ఇండ్లకు మొరుగుతుండె. ఇప్పుడు మీ పట్నపోల్లు వారానికి ఒక బండి తెచ్చి ఇడిసిపోతుండ్రు. ఆ బండాయనను ఏమనగలం, వాడు కూలికొచ్చినోడు. పంపినోడు ఒక్కసారన్న ఒచ్చి సూడాలె సార్, ఇవి ఎట్ల ఎదురుసూస్తయో."

నేను ఆయన ముఖంలోకి చూడలేకపోయాను. "నేనే" అనడానికి అంతకంటే తగిన చోటు లేదు. అనలేదు.

యాదమ్మ లేచి వచ్చి డబ్బా అడిగింది. మూత తీసి, పెరుగన్నం ముద్దలు చేసి, పాక నీడలోని కుక్కలకు పెట్టింది. "ఇవి గూడ ఎవలో ఇడిసిపోయినయే" అంది. ఖాళీ డబ్బాను నర్సిరెడ్డి బర్రెల తొట్టి దగ్గర కడుక్కుంది. ఆయన మాకు మజ్జిగ ఇచ్చాడు.

రెండున్నరకు తిరుగుముఖం పట్టాం. ఈసారి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లే పని లేదు కనుక కర్మన్‌ఘాట్ మీదుగా అడ్డదారి. రెండు గంటల పైన నడక. మీర్‌పేట దాటాక యాదమ్మ తనలో తను అనుకున్నట్టు అంది. "నడిపించుకపోయినా తొవ్వ వాసన పట్టి ఒస్తుండె. ఆటోల ఏస్కపోయిరి. దానికి తొవ్వ ఎట్ల తెలుస్తది?"

అప్పుడు చెప్పాను. ఒక మూసిన హోటల్ అరుగు దగ్గర ఆగి, "యాదమ్మా, ఆ బండిని పిలిచింది నేనే. తిరిగి రాకుండా దూరంగా వదలమన్నదీ నేనే" అన్నాను.

ఆమె ఆగి నావైపు చూసింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"అమ్మకు చెయ్యి ఇరిగిందనా?"

"అవును."

"గా దినం నేను బండి కాడ్నే ఉన్న సార్. స్కూటీకి అడ్డం ఉరికింది రెండు తెల్ల కుక్కలు. కర్రోడు నా కాళ్ల కాడ పన్నడు." ఆమె గొంతు పైకి లేవలేదు. "రోజు బట్టలిస్తిరి, తీస్కపోతిరి. ఒక్క మాట నన్ను అడిగితె చెప్పకపోదునా?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. ముందుకు నడిచింది. పిన్నీసు గుచ్చిన చెప్పుతో ఆమె నాకంటే వేగంగా ఎలా నడిచిందో తెలియదు. నేను పదడుగుల వెనక, ఆ దూరం తగ్గించే ధైర్యం లేక, అలాగే నడిచాను.

అయిదుంబావుకు ఎల్బీనగర్ చేరాం. చౌరస్తాలో టెంట్ విప్పుతున్నారు. ఒకటి రెండు ఆటోలు తిరగడం మొదలైంది. ఉదయం ఉప్మా పెట్టిన అబ్బాయి గుర్తుపట్టి, "దొరికిందా అమ్మా?" అని కేకేశాడు. యాదమ్మ చెయ్యి అడ్డంగా ఊపి, ఆగకుండా వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఉద్యోగరీత్యా, సరదాకూ చాలా ఊళ్లు తిరిగాను. ఎక్కడికి వెళ్లినా వీధి కుక్కల్ని, వాటిపట్ల మనుషుల తీరునీ గమనించడం అలవాటైంది. ఒకచోట దండ వేస్తారు, ఒకచోట గడప బయట నీళ్లు పెడతారు, ఒకచోట కనబడకుండా చేస్తారు. ఎవరి పద్ధతి మంచిదని నన్నడిగితే చెప్పలేను. నేను మాత్రం వాటి గురించి తెలిసిన ఒక్క మనిషిని, రోజూ నా చొక్కాలు మడతపెట్టి ఇచ్చే మనిషిని, ఒక్క మాట అడగలేదు. ఆ బంద్ మర్నాడు ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికి వెళితే యాదమ్మ తలెత్తకుండా, "పక్క కాలనీల ఇయ్యుర్రి సార్, నాకు చేతకాదు" అంది. బండి కింద చీర ముక్క పరిచిన చోటు ఖాళీగా ఉంది. బట్టల మూట పట్టుకుని ఇంటికి తిరిగొచ్చాను.