నాలుగు కిలోల సంచి

మా అక్క గొడుగులు బాగుచేస్తుంది. వెన్నుకి ఆపరేషనయ్యాక ఎనిమిది నెలలు ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి, చివరికి కొండ దాటే నడకకి పేరిచ్చి వచ్చింది. రెండు రోజుల నడక! నాకు ఒళ్ళు మండిపోయింది.

"నాలుగు కిలోలకి మించి మోయొద్దని డాక్టరు రాసిచ్చాడు కదే!" అన్నాను.

"అందుకేగా, నాలుగింటిలోనే సర్దుకుంటా. నువ్వూ రావే."

"చస్తే రాను. నిన్నూ పోనివ్వను."

నడిపించేది బడిలో ఆటలు నేర్పి రిటైరైన డ్రిల్లు మాస్టారు. డాక్టరు చీటీ చూసి, "బస్సెక్కేముందు నీ సంచి తూస్తాను, నాలుగు దాటితే ఇంటికే" అన్నారట. ఒకే గుడారంలో పడుకునేవాళ్ళు తప్ప ఒకరి బరువు ఇంకొకరు మోయకూడదని కూడా ఆయన రూలు. కొట్లో అమ్మే సంచి ఖాళీగానే రెండు కిలోలు, గుడారం ఇంకో మూడు. ధర వింటే కళ్ళు తిరిగాయి. అక్క ఊరుకుంటుందా? చినిగిన గొడుగుల గుడ్డ ముందేసుకుని కూర్చుంది.

ఇక మా భోజనాల బల్ల మీద భోజనానికి చోటు లేదు. సంచి కుట్టింది. త్రికోణపు ముక్కలన్నీ కలిపి గుడారం కుట్టింది, సగం నలుపు, సగం పూలు. సూది పడ్డ ప్రతి చిల్లుకీ కొవ్వొత్తి రుద్దింది. కూల్‌డ్రింకు డబ్బా కోసి స్పిరిట్ పొయ్యి చేసింది. పార్సిళ్ళకి చుట్టే బుడగల ప్లాస్టిక్కే పరుపు. టూత్‌బ్రష్షు పిడి కూడా కోసేసింది. పది నిమిషాలకోసారి వంటింటి కాటా దగ్గరికి పరుగు. "పన్నెండు గ్రాములు తగ్గిందే!" అని అరుస్తుంది, లాటరీ తగిలినట్టు. నేను మొహం తిప్పుకునేదాన్ని. నాకు భయం. ఆపరేషను గది బయట ఆరు గంటలు కూర్చున్నది నేను, తను కాదు.

బయల్దేరే ముందురోజు సంచి మొత్తం తూచింది. సరిగ్గా నాలుగు. గంతేయబోయి నడుం పట్టుకుంది.

అప్పుడు చూశాను. నీళ్ళ సీసాలు రెండూ సంచి జేబుల్లో ఖాళీగా ఉన్నాయి. దారిలో చుక్క నీరు దొరకదు, రెండు లీటర్లు తెచ్చుకోవాలని మాస్టారి కాగితంలో ఉంది. అంటే రెండు కిలోలు. మూడు నెలలు గ్రాముల వెంటపడ్డ మహాతల్లి నీళ్ళ సంగతే మరిచిపోయింది! చెప్పబోయి నోరు మూసుకున్నాను. బస్సు దగ్గర తూస్తారు, వెనక్కి పంపుతారు, పీడా విరగడవుతుంది అనుకున్నాను. సిగ్గేసింది కూడా. అయినా చెప్పలేదు.

పొద్దున్న సాగనంపే వంకతో వెంట వెళ్ళాను. మాస్టారు సంచిని స్ప్రింగు కాటాకి తగిలించారు.

"నాలుగు. భేష్! నీళ్ళేవమ్మా?"

అక్క మొహం పాలిపోయింది. పక్కనే ఉన్న కుళాయి దగ్గర సీసాలు నింపి మళ్ళీ తగిలిస్తే ముల్లు ఆరు దగ్గర ఆగింది. నేను కోరుకున్నదే. కానీ నా కాళ్ళు ఒకచోట నిలవలేదు.

మాస్టారు మంచివారు, వెంటనే పొమ్మనలేదు. ఏమైనా తీసేయొచ్చేమోనని సంచి విప్పి గుడారం పరిచారు.

"ఇదేంటమ్మా, ఇద్దరు పడుకునేంత ఉంది! నువ్వొక్కదానివేగా?"

"మా చెల్లి వస్తుందేమో అనుకున్నా మాస్టారూ" అంది అక్క, నేల చూస్తూ.

నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. "నువ్వు నీళ్ళు తూచలేదని నాకు నిన్ననే తెలుసే. కావాలనే చెప్పలేదు."

కొడుతుందనుకున్నాను. "పాపిష్టిదానా!" అని తిట్టి, రెండు సీసాలూ తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "మొయ్యి."

"చెప్పులేసుకొచ్చానే! కప్పుకోడానికి దుప్పటైనా లేదు."

"నీ మంచం కింద ఉంది. కుట్టి రెండు నెలలైంది. పరిగెత్తు, బస్సు ఆగదు."